ఆఖరి మజిలీకి వేరే మూట

చేవెళ్లలో మొదలైనా, హిందూపురంలో మొదలైనా, ఇడుపులపాయలో మొదలైనా, కుప్పంలో మొదలైనా మన తెలుగు పాదయాత్రలన్నీ ఉత్తరాంధ్ర చేరేసరికి ఇరుకు దారిలో పడతాయి. ఒకపక్క తూర్పు కనుమలు, ఇంకోపక్క బంగాళాఖాతం. ఆ రెంటి నడుమ మిగిలిన పట్టీలోనే హౌరా-చెన్నై రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి, వాటిని ఆనుకుని ఎలమంచిలి. ఇక్కడి నుంచి విశాఖ 60 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. ఇచ్ఛాపురం దాకా పోవాలంటే ఇక్కడి నుంచి మొత్తం 300 కిలోమీటర్ల దాకా నడవాలి. వేల కిలోమీటర్లు నడిచొచ్చిన వాడికి ఇదెంత, అయిపోయినట్టే కదా అంటారు చూసేవాళ్లు. నడిచేవాడు కూడా ఆ మాటే నమ్మితే చిక్కు మొదలవుతుంది. దూరపు నడకలో ఆఖరి అంచె మిగతా అంచెలకు తోక కాదు, దానికదే ఒక ప్రయాణం. దానికి వేరే మూట కట్టాలి, వేరే డబ్బు తీసిపెట్టాలి. ఆ డబ్బులో, ఆ సాయంలో పెద్ద వాటా చొక్కా మీద పేరు వేయించుకునే కంపెనీ నుంచి కాక, దారి పక్క ఊళ్ల నుంచి రావాలి. ఈ కథనం వాదించేది ఇదే.

ముందు అందరికీ తెలిసిన నడకలు చూద్దాం. పార్టీల లెక్కలు పక్కన పెట్టి పాదాల లెక్క మాత్రమే చూద్దాం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో బయల్దేరి జూన్ 15న ఇచ్ఛాపురం చేరారు. 1,475 కిలోమీటర్ల దూరం, అదీ నడివేసవిలో. రాజమహేంద్రవరం దగ్గర ఆరోగ్యం దెబ్బతిని కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. చంద్రబాబు నాయుడు 2012 అక్టోబరు 2న హిందూపురంలో మొదలుపెట్టి 208 రోజుల్లో 2,817 కిలోమీటర్లు నడిచి 2013 ఏప్రిల్ 27న విశాఖలో ముగించారు. షర్మిల 3,112 కిలోమీటర్లు, జగన్‌మోహన్‌రెడ్డి 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచి ఇచ్ఛాపురంలోనే ఆపారు. లోకేశ్ 2023 జనవరి 27న కుప్పంలో బయల్దేరినప్పుడు చెప్పిన లెక్క 400 రోజులు, 4,000 కిలోమీటర్లు. మధ్యలో 79 రోజుల విరామం వచ్చింది. డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను వల్ల నడక మళ్లీ ఆగింది. చివరికి 226 రోజులకు, 3,132 కిలోమీటర్ల దగ్గర, డిసెంబరు 18న గాజువాక పక్క అగనంపూడిలో ముగిసింది. డాక్టర్లు, బస్సులు, ముందే వెళ్లి గుడారాలు వేసే మనుషులు, అడిగిందే తడవుగా వచ్చే డబ్బు ఉన్నవాళ్ల సంగతే ఇలా ఉంది. కాగితం మీద గీసుకున్న చివరి గీత వాతావరణం ముందో ఒంటి ముందో పరిస్థితుల ముందో వంగక తప్పలేదు. భుజాన సంచీ, వెంట ఒకరిద్దరు మిత్రులు తప్ప ఏమీ లేని సామాన్య నడకరి సంగతి ఇక చెప్పాలా?

సామాను సంగతికొస్తే, అన్నిటికన్నా ముందు బూటు. మామూలు నడక బూటులో అడుగున ఉండే మెత్తటి నురుగు పొర 500 నుంచి 800 కిలోమీటర్ల లోపే చచ్చుబడుతుంది. పైన గుడ్డ బాగానే ఉంటుంది, లేసులు బాగానే ఉంటాయి, అడుగున గాట్లూ కొంత మిగిలే ఉంటాయి. అందుకే మార్చాలని తోచదు. కానీ మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తే పొర తిరిగి లేవదు, పక్కలకు ముడతలు పడి కనిపిస్తుంది. ఆ బూటుతో తారు మీద నడిస్తే ప్రతి అడుగు దెబ్బా నేరుగా మోకాలికి, పిక్క ఎముకకు పోతుంది. రెండో సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. నెలల తరబడి నడిస్తే పాదం వెడల్పవుతుంది, సాయంత్రానికి వాస్తుంది. మొదటిరోజు సరిపోయిన 8వ నంబరు చివర్లో బిగుతవుతుంది. మొదట్లోనే నాలుగు జతలు ఒకే కొలతలో కొనిపెట్టిన దాత ఎంత మంచివాడైనా, ఆ నాలుగో జత కాలిగోళ్లు నల్లబడటానికే పనికొస్తుంది. పోనీ ఆఖరి మజిలీ మొదలయ్యే ఉదయం సరైన కొలతలో కొత్త జత తొడిగితే సరిపోతుందా అంటే అదీ కాదు. కొత్త బూటు కాలికి అలవాటు పడటానికి రెండు మూడు రోజుల నడక కావాలి. అంటే ఆ జత ఒక అంచె ముందే చేతికి రావాలి, రోజుకు కొంతసేపు తొడగాలి, మిగతా సేపు పాతదే వాడాలి. ఇలా వెనక నుంచి ముందుకు లెక్క కట్టుకోవడమే ఆఖరి అంచె సన్నాహం అంటే.

తక్కిన సామానుదీ ఇదే తంతు. కోస్తా ఉక్కలో నూలు మేజోడు చెమటకు తడిసి, ఆరక, చర్మాన్ని ఒరిపిస్తుంది. రాయలసీమ పొడిగాలిలో ఏ ఇబ్బందీ పెట్టని జతే ఇక్కడ పొక్కులు తెప్పిస్తుంది. నైలాను కలిసిన ఊలు మేజోళ్లు మూడు జతలు, కాస్త వాజిలిన్, వేళ్ల మధ్య చుట్టుకోవడానికి మైక్రోపోర్ టేపు ఉంటే సగం కష్టం తీరుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు అందరూ ఇస్తారు గానీ, లీటరు నీళ్లకని తయారైన 20.5 గ్రాముల పెద్ద పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలుపుకుని తాగేసేవాళ్లు ఎంతోమంది. అలా తాగితే మేలుకన్నా కీడే ఎక్కువ. పొట్లంతో పాటు లీటరు సీసా కూడా ఇచ్చే దాత అరుదు. ఇక రోడ్డు. అనకాపల్లి దాటాక గంగవరం రేవు, ఉక్కు కర్మాగారం, అచ్యుతాపురం సెజ్, గాజువాక పారిశ్రామికవాడ, వీటన్నిటి లారీలూ కంటెయినర్లూ ఒకే దారిని పంచుకుంటాయి. ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడి అంచున నడవాలి, తెల్లవారకముందు అడుగు బయటపెడితే మెరిసే పట్టీల జాకెట్ ఒంటి మీద ఉండాలి. దాని ధర ఒక పూట టిఫిను ఖర్చుకు కాస్త అటూఇటూ. అయినా అది వేసుకున్న పాదయాత్రికుడు అరుదుగా కనిపిస్తాడు. పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోపు ఆగే నడకకు ఇంతకన్నా చవకైన ప్రాణరక్ష లేదు.

ఆఖరి అంచె సరంజామా ఎంత దగ్గరగా ఉండాలో చెప్పడానికి ప్రపంచ నడకల చరిత్రలో కెప్టెన్ స్కాట్ కథను మించిన రుజువు లేదు. 1912 జనవరి 17న దక్షిణ ధ్రువం చేరిన స్కాట్‌కు స్పాన్సర్లు కరువు కాలేదు. బ్రిటన్‌లోని బడులు చందాలు వేసుకుని గుర్రాలు, కుక్కలు, గుడారాలు, జారుడు బళ్లు కొనిచ్చాయి. బిస్కెట్ల కంపెనీ బిస్కెట్లిచ్చింది, కోకో కంపెనీ కోకో ఇచ్చింది. తిరుగుదారి కోసం వన్ టన్ డిపో అనే పెద్ద నిల్వను 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు నీరసించాయని 50 కిలోమీటర్లకు పైగా ఇవతలే దించేశారు. దారిలోని మిగతా నిల్వల్లో ఉంచిన కిరసనాయిలు డబ్బాల తోలు వాషర్లు చలికి పాడై నూనె కారిపోయింది. స్కాట్ ఆఖరి గుడారం ఆ పెద్ద డిపోకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దొరికింది. ఆయనకన్నా నెల ముందు ధ్రువం తొక్కిన అముండ్‌సెన్ నూనె డబ్బాలకు టంకం వేయించాడు. నిల్వ కనపడకపోతే ఎలా అని దారికి అడ్డంగా రెండు వైపులా జెండాలు వరుసగా పాతించాడు. స్కాట్ మరణానికి చలి, ఆకలి, స్కర్వీ, ఇంకా ఎన్నో కారణాలు చెబుతారు, అవన్నీ నిజమే కావచ్చు. కానీ ఇచ్చినవాళ్లు తక్కువై అతను చావలేదన్నది మాత్రం ఖాయం. ఇచ్చింది కావలసిన చోట, కావలసిన రోజున అందలేదు. మంచు ఎడారికీ ఎలమంచిలికీ పోలికేమిటని నవ్వేవాళ్లు ఆ చివరి 20 కిలోమీటర్లను ఒకసారి మన అనకాపల్లి దారి మీద కొలిచి చూడాలి.

ఇక డబ్బు. దూరపు నడకకు స్పాన్సర్ అనగానే మన దగ్గర మొదట తట్టే ఆలోచన కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు. ఎలమంచిలి చుట్టూ చూస్తే ఆశ పుట్టడం సహజమే. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారాలున్నాయి, ఇటు మందుల కంపెనీలు, అటు విశాఖ దాకా రేవులు, ఉక్కు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అర్జీ పట్టుకుని వెళ్లే ముందు ఆ చట్టం వెనక ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవాలి. మారథాన్ల వంటి ఒక్కసారి జరిగే కార్యక్రమాలు సీఎస్ఆర్ లెక్కలోకి రావని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. తమ సరుకుకో సేవకో ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కాదని 2021 జనవరిలో నిబంధనల్లోనే రాశారు. పైగా సగటు లాభమే లేని చోట 2 శాతం లెక్క సున్నాకు తేలుతుంది. కొన్నేళ్లుగా ఎక్కువగా నష్టాలే చూసిన ఉక్కు కర్మాగారం దగ్గరికి ఈ పద్దు కింద వెళ్లడం వాళ్లనీ మననీ ఇబ్బంది పెట్టుకోవడమే. అందుకే కంపెనీ డబ్బు వస్తే ప్రచార బడ్జెట్ నుంచే రావాలి. ప్రచార బడ్జెట్‌కు ప్రచార బుద్ధే ఉంటుంది. అది బయల్దేరే రోజు జెండా ఊపే ఫొటోకూ, ముగింపు రోజు వేదికకూ వస్తుంది గానీ, నడుమ ఏ కెమెరా లేని కశింకోట దగ్గర మధ్యాహ్నానికి రాదు. వాళ్లిచ్చే సామానూ అలాంటిదే. పేరు అచ్చేసిన టోపీ, పేరు అచ్చేసిన నూలు టీషర్టు, నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీకి పెట్టిన డబ్బుతో రెండు జతల మంచి మేజోళ్లు వస్తాయని చెబితే మొహమాటానికి నవ్వుతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు కొనేది కనబడటాన్ని, మేజోడేమో బూటు లోపల దాక్కుంటుంది. రాజకీయ యాత్రలదీ ఇదే తీరు. చివరి రోజుల్లో డబ్బు నడక మీంచి ముగింపు సభ మీదికి జరిగిపోతుంది. పార్టీకి అది చెల్లుతుంది, అసలు పంట అక్కడే గనక. ముగింపు సభ లేని నడకరికి ఆ రోజుల్లో సంచీలో మిగిలేది అరిగిన జోడు, ఖాళీ పర్సు.

మరి దారి పక్క ఊళ్లు ఇస్తాయా? ఇచ్చిన చరిత్ర మనకు పుష్కలంగా ఉంది. 1830 మే 18న మద్రాసులో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీ, గయ, కలకత్తా, పూరీ చూసుకుని ఈ తీరబాటనే దిగి వచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. వెంట దాదాపు వందమంది పరివారం. ఆయన మేనాలో కూర్చున్నాడు, అసలు నడిచింది బోయీలు, ఆ సంగతి మనం మరిచిపోకూడదు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపిన రాతలే తర్వాత కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆ పుస్తకం నిండా ప్రతి మజిలీలోనూ ఆయన గమనించింది ఏమిటి? సత్రం ఉందా, నీళ్లు మంచివా, అంగళ్లలో ఏమేం దొరుకుతాయి, గుడారం వేయడానికి జాగా ఉందా. ఒక్క పోషకుడి దానం మీద కాదు, వరసగా పేర్చిన మజిలీల మీద ఆ యాత్ర సాగింది. సత్రం కట్టించినవాడెవడో నడిచేవాడికి తెలియదు, నడిచేవాడెవడో కట్టించినవాడికి తెలియదు. స్పాన్సర్‌షిప్ అనే మాట పుట్టకముందే ఈ దేశపు దారుల్లో ఆ ఏర్పాటు ఉంది.

పాతకాలపు మాట అని కొట్టేయక్కర్లేదు, ఇప్పుడు జరిగేవి చూడండి. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు, చాలామంది ఉత్తకాళ్లతో. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి వస్తారు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు, పండ్లు, కాళ్లకు పూసే మందు. ఇచ్చేవాళ్లలో వీధి సంఘాలుంటాయి, దుకాణదారులుంటారు, తమ ఇంటి గుమ్మంలోనే బిందె పెట్టుకుని నిలబడే గృహిణులుంటారు. అర్ధరాత్రి దాటాక ఎన్ఏడీ దగ్గర కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాడికి కావలసింది కొండ కింద ఇచ్చే ప్రసాదం కాదు, అక్కడికక్కడ గ్లాసుడు మజ్జిగ. అది అక్కడ ఉంటుంది. శ్రీశైలానిదీ ఇదే కథ, ఇంకా కఠినమైన నేల మీద. ఉగాదికి కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే మల్లన్న భక్తులకు చివరి అంచె నల్లమల అడవి. వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కాలి. వాళ్ల ప్రయాణంలో అన్నిటికన్నా బరువైన అంచె అదే, పందిళ్లూ నీళ్ల తొట్టెలూ అన్నదానాలూ ఎక్కువగా పేరుకునేదీ అక్కడే. భక్తి ఉంది కాబట్టి చెల్లిందని ఎవరైనా అనవచ్చు. భక్తి మనిషిని మజ్జిగ బిందె దగ్గరికి తెస్తుంది, నిజమే. కానీ ఏ మలుపులో ఎన్ని బిందెలు పెట్టాలో తేల్చేది ఏళ్ల తరబడి కూడిన అనుభవం, దాన్ని మామూలు నడకకూ వాడుకోవచ్చు.

దీనికి అసలైన అభ్యంతరం వేరే ఉంది. సెజ్‌లో పన్నెండు గంటలు నిలబడి వచ్చే కూలీ ఇంటి ముందు, చెరకు బకాయిల కోసం చూసే రైతు గుమ్మం ముందు నడకరి తన సరదా బరువు దించవచ్చా? ఈ ప్రశ్నను గాంధీ తన దండి నడక చివరి వారంలోనే ఎదుర్కొన్నారు. 1930 మార్చి 12న సబర్మతిలో 78 మందితో బయల్దేరిన ఆ దండు కన్నా ముందుగా గుజరాత్ విద్యాపీఠం విద్యార్థుల జట్టు ఒకటి ఊరూరా వెళ్లి ఏర్పాట్లు చూసేది. తిండి సాదాగా ఉండాలని, పడుకోవడానికి శుభ్రమైన జాగా చాలని ముందే చెప్పారు. అయినా సూరత్ జిల్లాకు వచ్చేసరికి ఆతిథ్యం హద్దు దాటింది. సూరత్ నుంచి లారీలో పాలు తెప్పిస్తున్నారని, రాత్రి నడకలో కూలీ నెత్తిన కిట్సన్ దీపం మోయిస్తున్నారని తెలిసి మార్చి 29న భాట్‌గాం సభలో గాంధీ తన వాళ్లనే అందరి ముందూ గట్టిగా మందలించారు. సాయం వద్దనలేదు ఆయన. ఊరు తన రోజువారీ బతుకులోంచి ఇవ్వగలిగినంతే తీసుకోవాలన్నారు. ఆ కొలబద్ద ఇక్కడా సరిపోతుంది. ఇంట్లో ఎలాగూ ఉండే గంజి, అరుగు మీద చాప, ట్యాంకు నీళ్లు, మెడికల్ షాపువాడు దాచిపెట్టే టేపు చుట్ట, చెప్పులు కుట్టేవాడి పావుగంట, ఇవి అడగొచ్చు. గది బుక్ చేయమనడం, చికెన్ బిర్యానీ పెట్టమనడం, బ్యానరు కట్టమనడం అడగకూడనివి. తీసుకున్నదానికి పద్దు రాసి తర్వాతి ఊళ్లో నలుగురికీ చూపించాలి. అడగడమే తప్పు, నడక అంటే సొంత కష్టం అనే శుద్ధవాదులకు ఒకటే జవాబు. ఎంత సొంత కాళ్ల మీద నడిచినా రోడ్డు వేసింది, నీళ్లు ఇచ్చింది ఇంకొకరే. దాన్ని ఒప్పుకుని లెక్క రాయడమే నిజాయితీ. ఊరు దగ్గరపడితే కాళ్లకు రెక్కలొస్తాయనే మాట కూడా వింటుంటాం. వస్తాయి. అందుకే ఆ రోజుల్లో రోజుకు పాతిక నడిచేవాడు నలభై నడుస్తాడు, అప్పుడే పిక్క కండరం పట్టేస్తుంది.

కాబట్టి ఎలమంచిలి చేయగలిగింది చిన్న పనే, కానీ ముందుగా చేయాలి. మున్సిపాలిటీ, రోటరీ వంటి క్లబ్బులు, కళాశాలల ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్ జట్లు కలిస్తే స్టేషనుకూ హైవేకూ దగ్గరలో ఒక గది చాలు. ఒక బెంచీ, నీళ్ల ఫిల్టరు, మంచినీళ్ల సీసాలు, మెరిసే జాకెట్లు, పాదాలు చూసే నర్సు వారానికి రెండు పూటలు, వచ్చిపోయిన వాళ్ల పేర్లు రాసే పుస్తకం. కంపెనీల నుంచి తీసుకోవాల్సింది కూడా ఈ గదికే తీసుకోవాలి, ఒక నడకరి చొక్కాకు కాదు. నడకరి నెల ముందే తేదీ చెప్పాలి, ఆ తేదీకి అటు వారం ఇటు వారం వెసులుబాటు ఉంచుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈ తీరాన తుపాను ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అనకాపల్లిలో దారి చీలుతుంది గనక అక్కడికి చేరకముందే నిర్ణయం జరగాలి. గాజువాక మీదుగా ఊళ్లోంచి పోతే నీళ్లు, నీడ, ఆసుపత్రి దొరుకుతాయి గానీ లారీల మధ్య నడవాలి. సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం పోయే ఆరు వరసల బైపాస్ సాఫీగా ఉంటుంది గానీ చెట్టు నీడ తక్కువ, నీళ్లు మోసుకోవాలి. ఇచ్ఛాపురం పోయేవాడు రెండో దారి పట్టేట్టయితే రెండు లీటర్ల అదనపు నీళ్లూ గొడుగూ ఎలమంచిలి గదిలోనే అందాలి. కొత్త జోడు మాత్రం ఇక్కడిదాకా ఆగకూడదు. ఒక నంబరు పెద్దది, ఒక అంచె ముందే, తునిలోనే చేతికి రావాలి.